లోపం చెప్పిన ఉత్తరం

అది 2003. చార్మినార్ దగ్గర అమరనాథ్ సేట్ ముత్యాల దుకాణంలో ఈమెయిల్ చూసేది రూప. ఉప్పుగూడ నుంచి వచ్చి ముత్యాలు ఏరే పనిలో చేరిన పిల్ల, సాయంత్రాలు కంప్యూటర్ నేర్చుకుని కంప్యూటర్ గదికి మారింది. డబ్బు పెట్టి కొన్న పాత ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ తీసేసి, లోపలి రాత, అంటే కోడ్, ఎవరైనా తెరిచి చదువుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

“ఊరికే ఇచ్చినోన్ని ఎట్ల నమ్ముడు?” అని సేట్ అప్పుడే అడిగాడు.

“లోకంల సగం మంది ఇదే వాడుతున్నరు సేట్.”

“మన గల్లీల నకిలీ ముత్యాల దుకాణం ముంగట గూడ మస్తు జనం ఉంటరు.”

అయినా ఆమె ముఖం చూసి ఆయన సరేనన్నాడు.

ఆ నమ్మకానికే ఇవాళ గండం వచ్చిపడింది. పొద్దున చూస్తే, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే లోకమంతటికీ ఉత్తరం రాశారు: ఇందులో లోపముంది, బయటివాళ్లు మీ ఉత్తరాలు చదవగలరు, సవరణ ఇదిగో. రూప అరగంటలో సవరించింది. కానీ ఈలోగా ఎవరైనా చదివారేమో, ఎవరికి తెలుసు? వాటిలో ధరలున్నాయి, కొన్నవాళ్ల చిరునామాలున్నాయి.

“సప్పుడు చెయ్యకు,” అన్నాడు కౌంటర్ దగ్గరి కొండల్. “చెప్తే నీ నౌకరీ పోతది. బాగైంది గద, ఇంక ఫికర్ ఏంది?”

మాట సబబుగానే ఉంది, అదే ఆమెను కాల్చుకు తింది. ఈ దుకాణంలో ఒక పద్ధతుంది. తూకానికి ముందు మచ్చ ముత్యాలను నల్లగుడ్డ మీద విడిగా ఏరి, కొనేవాళ్లకు మొదట అవే చూపించాలి. చేరిన కొత్తలో రూప ఒక మచ్చ ముత్యాన్ని దండ మధ్యలో సర్దేస్తే, సేట్ దండంతా తెంపించాడు. ఏడ్చుకుంటూ మళ్లీ గుచ్చింది.

వెళ్లి చెప్పేసింది.

సేట్ కళ్లద్దాలు తీశాడు. “లోపం ఎవరు పట్టిండ్రు?”

“ఎవరో జర్మనీ ఆయన. రాత చదువుతుంటే కనబడ్డదంట.”

“పాత కంపెనోళ్లు గిట్ల ఎన్నిసార్లు చెప్పిండ్రు?”

“ఒక్కసారి గూడ చెప్పలే.”

“అంటే దాంట్ల లోపం లేకుండెనా?”

“ఏమో సేట్. చూద్దామంటే తెరవనియ్యలే.”

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

“కొన్నోళ్లందరికీ ఇదే సంగతి రాయి,” అన్నాడు.

“కొందరు బేరం మానుకుంటరు సేట్.”

“మానుకోనీ.”

రాసి, కాగితం మీద అచ్చుతీసి తెచ్చింది. నింద దుకాణం మీదికి పోకూడదని అడుగున తన పేరొక్కటే పెట్టింది. సేట్ మొత్తం చదివి అక్కడ ఆగాడు.

“నీ పేరేంది ఇక్కడ?”

“దాన్ని నమ్మి పెట్టింది నేనే గద.”

“నిన్ను నమ్మింది నేను,” అని, ఆమె పేరు కొట్టేసి తన పేరు రాశాడు.