మడత పెట్టిన నీడ

తెల్లగాలి మొదలైన కొత్తలో దాన్నెవరూ లెక్కచెయ్యలేదు. బస్సులు డిపోలోనే వేళ్ళు తన్ని నిలబడిపోయాయి, సెల్‌ఫోన్లు నల్లరాళ్ళయి కూర్చున్నాయి, కరెంటు తీగలు చంటిపిల్లల్లా ఏడవడం మొదలుపెట్టాయి. ఇన్ని ఘోరాల మధ్య మిట్టమధ్యాహ్నం కాసేపు వీచి పోయే గాలినెవరు పట్టించుకుంటారు? ఎండలో ఉన్నవాళ్ళ నీడల్ని ఆ గాలే మడమల దగ్గర పుటుక్కున తెంపుకుపోతోందని తెలిసేసరికి సగం ఊరు ఖాళీ అయింది. నీడ పోయిన మనిషి ఇరవై రోజులుంటాడు. రోజురోజుకీ పలచబడి, ఇరవయ్యో రోజు పొద్దుగూకేసరికి అసలే ఉండడు. పాతిపెట్టడానిక్కూడా ఏమీ మిగలదు.

డాక్టర్లు చేతులెత్తేశారు. పోయిన నీడని వెతికి తెస్తే మళ్ళీ మడమకి కుట్టవచ్చని ఎవరో కనిపెట్టడంతో, ఆ భారం కాస్తా టైలర్ల నెత్తిన పడింది. సందు చివర స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ఎవరి జోలికీ పోని టైలరమ్మ ఇంటి ముందు తెల్లారకముందే జనం బారులు తీరేవారు. తెగిన నీడ ఎండని బట్టి మారదు. బల్ల మీద పరిస్తే గుడ్డ దొరికినట్టే కొలతకి దొరుకుతుంది. ఆమె ప్రతి నీడనీ టేపు పెట్టి కొలిచేది. అరంగుళం తేడా వచ్చినా కుట్టనని మొండికేసేది. కాళ్ళావేళ్ళా పడ్డా కరిగేది కాదు. పరాయి నీడ కుడితే ఒళ్ళు నిలబడుతుంది గానీ లోపలి మనిషి నిలబడడని అందరికీ పాఠం చెప్పి పంపేది.

అంత పాఠం చెప్పిన మనిషికీ తన దాకా వచ్చేసరికి ఏమైందో చూడండి.

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఎండవేళ గడప దాటొద్దని ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినకుండా, వేళ్ళు తన్నిన తన బస్సుని చూసి వస్తానని వెళ్ళి నీడ పోగొట్టుకొచ్చాడు. ఆమె పందొమ్మిది రోజులు తిరగని చోటు లేదు. షట్టర్ల సందుల్లో, కాలవల్లో, చచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ల వెనకాల వెతికింది. ఇరవయ్యో రోజు పొద్దున్న లేచి చూస్తే, పడుకున్న భర్త లోంచి దుప్పటి మీది చారలు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. ఏడ్చుకుంటూ డిపోకి పరిగెత్తింది. అక్కడ ప్రహరీ తీగలకి చిక్కుకుని ఒక మగమనిషి నీడ కొట్టుకుంటోంది.

ఇంటికి తెచ్చి కొలిచింది. భర్త కొలత కంటే రెండంగుళాలు పొడుగు.

ఆమెకి తెలియదనుకోకండి. చేతిలో టేపుంది, కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ఇన్ని రోజులు తీగలకి వేలాడితే సాగదా ఏమిటి అని తనకి తానే సర్దిచెప్పుకుంది. పిల్లల ప్యాంటుకి వేసినట్టు అంచు రెండంగుళాలు లోపలికి మడిచి, జోడుదారంతో భర్త మడమకి కుట్టేసింది. కాసేపటికే అతని ఒంటికి రంగు తిరిగింది. ఆమె గోడకి చేరబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు అతను ఐదింటికే లేచి వాకిట్లో నిటారుగా నించున్నాడు. ఇరవై రెండేళ్ళు స్టీరింగు మీద వంగిన నడుము అది. తర్వాత గ్లాసు ఎడమచేత్తో అందుకుని, టీ చాలా బాగుందన్నాడు. టైలరమ్మ తెల్లబోయింది. కాపురానికొచ్చిన నాటి నుంచి చక్కెర తక్కువైందనో, చల్లారిపోయిందనో సణుగుడే తప్ప బాగుందన్న మాట ఆమె వినెరగదు. సూది పోట్లు పడ్డ ఆమె వేళ్ళు చూసి, నొప్పిగా ఉందా అని అడిగాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఈ మనిషే నయమనిపించింది ఆమెకి. ఏళ్ళ తరబడి నవ్వడం మరిచిపోయిన ఆడమనిషి ఆ రోజుల్లో రోజూ నవ్వింది.

నీడ కుట్టిన పద్దెనిమిదో రోజు, ఆ పూటకి తెల్లగాలి సద్దుమణిగాక ఒకావిడ వచ్చింది. వంతెన అవతలి స్కూల్లో డ్రిల్లు మాస్టారి భార్యట. మాస్టారి నీడ పోయి పందొమ్మిది రోజులైంది. తను వెళ్ళని టైలరంటూ లేడనీ, పొరపాటు పడని చెయ్యి ఈమెదొక్కటేనని అందరూ చెబితే వచ్చాననీ చెప్పుకొచ్చింది. కొలతకి పనికొస్తుందని సంచిలోంచి మాస్టారి ప్యాంటు తీసి బల్ల మీద పెట్టింది.

టైలరమ్మ టేపు పట్టింది. తన భర్త ప్యాంటు కంటే సరిగ్గా రెండంగుళాలు ఎక్కువ. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, ఈ కొలత నీడ ఇటువైపు రాలేదని చెప్పేసింది. ఆవిడ ప్యాంటు మడతపెట్టుకోసాగింది.

అప్పుడే లోపల్నుంచి డ్రైవరు టీ గ్లాసుతో వచ్చాడు. ఎదురుగా గుమ్మంలోంచి ఎండ పడుతోంది. నీడ వెనక్కి పడాలి కదా, అది ముందుకి పాకింది. పరపరమని మడత కుట్లు తెంపుకుని, నిండా సాగి ఆవిడ పాదాల మీద వాలింది.

"బుజ్జీ, మోకాలి నొప్పి తగ్గిందా?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ ఉన్నపళంగా నేల మీద కూలబడింది. ఆ నీడని అరచేత్తో నిమిరి, తలెత్తి, ఇప్పుడు విప్పేస్తే ఈయనకి ఎంత సమయం ఉంటుందని అడిగింది. ఇరవయ్యో రోజున కుట్టాను, ఈ సాయంత్రం దాకానే అని చెప్పింది టైలరమ్మ.

"అడగడానికి నోరు రావట్లేదక్కా. అడక్కుండా వెళ్ళిపోదామంటే కాళ్ళు రావట్లేదు."

పొమ్మంటే పోయేదే ఆవిడ. ఆ మాట టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆ మనిషి, తన టీ తాగి మెచ్చుకున్న మనిషి, ఇంకొకావిడ మోకాలి వంక బెంగగా చూస్తున్నాడు. ఇన్ని రోజులూ ఆ మంచి మాటలన్నీ ఎవరివో, ఎవరికి చెందాల్సినవో అప్పుడామెకి పూర్తిగా బుర్రకెక్కింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది. బ్లేడు తీసుకుని అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ నాలుగు కుట్లూ ఒక్కొక్కటిగా విప్పింది. నీడని చుట్టి ఆవిడ చేతిలో పెట్టి, వంతెన దగ్గరి టైలరు చేత జోడుదారం వేయించమని చెప్పింది. ఆవిడ టైలరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. లేచి పరిగెత్తింది.

డ్రైవరు నడుము మెల్లగా వంగింది. గ్లాసు కుడిచేతిలోకి మార్చుకుని ఒక గుక్క తాగాడు.

"చక్కెర తక్కువైంది" అన్నాడు.

ఆ సణుగుడు వినేసరికి ఆమె ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే నవ్వుతూ అతని మోకాళ్ళు చుట్టేసింది. "వచ్చారా! ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళిపోయారండీ!"

"ఎక్కడికెళ్తాను? ఇక్కడే ఉన్నాను కదే. వాడి కింద పడి నిన్ను పిలుస్తూనే ఉన్నా. గొంతు చించుకుని పిలిచా. నువ్వు వాడితో నవ్వుతుంటే అంతా చూస్తూనే ఉన్నా."

పొద్దుగూకడానికి ఇంకా రెండు గంటలుంది. ఆమె తిట్టమని బతిమాలింది, కొట్టినా పడతానంది. అతను ఆమె వైపు చూస్తూ కూర్చున్నాడు. వెనకున్న కుర్చీ అతనిలోంచి ఒక్కో పుల్లా కనబడసాగింది. ఇరవై రెండేళ్ళు చీటికీమాటికీ తిట్టిన మనిషి, ఆ పూట ఒక్క మాట కూడా తిట్టలేదు.