సమయానికి వచ్చినందుకు

పొద్దున లేచేసరికి ఫైరింజను నా వంటింట్లో ఉంది. గోడలేమీ పగల్లేదు. ఇల్లే కాస్త పక్కకు జరిగి దానికి చోటిచ్చింది. పొయ్యి కాస్తా బండి ముందుచక్రం వెనక్కి పోయింది కాబట్టి బంపరు మీదుగా వంగి టీ పెట్టుకుంటున్నాను.

బండి మీద నుంచి అంకమరావు దిగుతాడు. ఫైరు స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్. యూనిఫాం ఇస్త్రీ చేసి ఉంది. బూట్లకు బురద లేదు. నా భార్య నాంచారమ్మ కాలిపోయిన రోజు కూడా ఈ బండి మీద ఇతనే వచ్చాడు.

“బాబాయ్, నిన్ను పిలవడానికి వచ్చాం.”

“గంట కొట్టకుండా వచ్చారే.”

“శుభకార్యం గదా. అగ్నిమాపక వారోత్సవాలు. నాకు ఉత్తమ సేవా పతకం ఇస్తున్నారు.”

“దేనికి?”

“మీ ఇంటికి సమయానికి వచ్చినందుకు.”

టీ వడకట్టుకుంటాను. అతనికి పోయను.

అతను చెప్పింది అబద్ధం కాదు. సమయానికే వచ్చారు. ఆ వేసవిలో మా గడ్డివాము అంటుకుంది. వాము నుంచి ఇంటి తాటాకు కప్పు అంటుకుంది. బయటికి వచ్చేసిన నాంచారమ్మ కుట్టుమిషను కోసం మళ్ళీ లోపలికి వెళ్ళింది. కప్పు ఇంకా కూలకముందే గంట కొట్టుకుంటూ బండి వచ్చేసింది. పైపు పరిచారు. తిప్పారు. పైపు దగ్గింది. నీళ్ళు రాలేదు.

ఆ రోజు పొద్దునే కాలేజీ గ్రౌండులో వారోత్సవాలు మొదలయ్యాయి. ఒక గుడిసె వేసి, దానికి నిప్పు పెట్టి, అతిథుల ముందు ఆర్పి చూపించారు. మాక్ డ్రిల్ అంటారు దాన్ని. నీళ్ళన్నీ ఆ ఉత్తుత్తి గుడిసె తాగేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో వీళ్ళు ట్యాంకు నింపుకోవడం మరిచిపోయారు. ఈ మాట నేను ప్రతి ఆఫీసులోనూ చెప్పాను. ప్రతి ఆఫీసులోనూ ఒకటే జవాబు. సమయానికి వచ్చారు గదా.

లేచి వెళ్ళి ట్యాంకు మీద వేళ్ళతో తడతాను. ఎక్కడ ఫైరింజను కనబడినా నాకది అలవాటు. లోపలి నుంచి ఎవరో తిరిగి తడతారు.

“ఏముంది ఇందులో?”

“నిండుగా ఉంది బాబాయ్.”

“దేంతో అని అడుగుతున్నా.”

“నిండుగా ఉందంటుంటే మళ్ళీ దేంతో అంటావేంది?”

నేను నమ్మను. ఇత్తడి బిందె తీసి కుళాయి కింద పెడతాను. ఫైరింజను వచ్చే చోటికి సొంత నీళ్ళు లేకుండా పోకూడదు. బిందె నిండేదాకా అంకమరావు తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడతాడు.

వంటింటి వెనక తలుపు తీస్తే కాలేజీ గ్రౌండు. నిన్నటి దాకా అక్కడ గిన్నెలు తోముకునే గట్టు ఉండేది.

షామియానా వేశారు. వేదిక కట్టారు. ఎటు చూసినా ఎర్ర జెండాలు. అతిథులందరూ మండుటెండలో శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. ఏ పక్క నుంచి చూసినా నాకు వాళ్ళ వీపులే కనిపిస్తున్నాయి.

గ్రౌండు మధ్యలో మాక్ డ్రిల్ గుడిసె ఉంది. అది మా ఇల్లు. అదే తాటాకు కప్పు, అదే పెచ్చులూడిన గోడ, నేను మేకు కొట్టి నిలబెట్టిన అదే కిటికీ రెక్క. కిటికీ మాత్రం తాటిచెట్టంత ఎత్తుకు పోయింది. కప్పు కాలుతోంది. పొగ లేదు. ఎవరో చెబితే వింటున్నట్టు ఆగి ఆగి కాలుతోంది. కిటికీలో నాంచారమ్మ కూర్చుని మిషను తొక్కుతోంది.

బిందె భుజం మీద నుంచి దించను.

పక్క కుర్చీలో ఒక హోంగార్డు వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. హైమావతి అని చొక్కా మీద పేరుంది.

“ఏటా ఆ కిటికీలో కూర్చునేది నేనే,” అంటుంది. “కాపాడండి, కాపాడండి అని అరవాలి. నిచ్చెన వేసి దించుతారు. ఈసారి అసలు మనిషే వచ్చింది, నువ్వు కింద కూర్చో అన్నారు.”

“అసలు మనిషని ఎవరు చూశారు?”

“మీ ఇంటావిడంట గదా. మీకు తెలియాలి.”

“ఆ చీర నీది కాదా?”

ఆమె ఒక పప్పు నోట్లో వేసుకుని ఆలోచిస్తుంది. “చీర నాదే. మనిషి నేను కాదు.”

నాంచారమ్మకు కుడి పక్క దవడ పళ్ళు లేవు. దారం ఎప్పుడూ ఎడమ పక్కనే కొరికేది. కిటికీలో ఉన్న మనిషి దారం కొరకడం లేదు. కుడుతూనే ఉంది. ఎర్ర గుడ్డ కిటికీలోంచి కిందికి జారుతోంది. ఫైర్‌మన్లు దాన్ని ముక్కలు చేసి జెండాలుగా కట్టుకుపోతున్నారు.

వేదిక మీద ఆఫీసరు పూర్ణచంద్రరావు అంకమరావు ఛాతీకి పతకం పెడుతున్నాడు. పిన్ను దిగడం లేదు. వంగిపోతోంది. ఇంకో పిన్ను ఇస్తారు. అదీ వంగుతుంది.

“సోదర సోదరీమణులారా,” అంటాడు మైకులో, “ఎవరో చప్పట్లు కొట్టలేదు.”

శాలువాలన్నీ నా వైపు తిరుగుతాయి. ఇప్పుడూ వీపులే. ఆఫీసరు వేదిక దిగి నా దగ్గరికి వస్తాడు.

“బసవయ్యగారూ, అందరి చప్పట్లూ ట్యాంకులో చేరాయి. మీవే చేరలేదు. మీరు కొడితే ట్యాంకు నిండుతుంది. నిండితే పైపు తిప్పుతాం. తిప్పితే మంట ఆరుతుంది, ఆమెను దించుతాం. ఇదీ పద్ధతి.”

“ట్యాంకులో నీళ్ళు పొయ్యరా?”

“నీళ్ళకు పతకం లేదండీ. రాకకే ఉంది.”

“ఆ రోజు బండి ఖాళీగా వచ్చిందని మైకులో చెప్పండి. కొడతాను.”

“ఖాళీగా వస్తే సమయానికి వచ్చినట్టు ఎలా అవుతుంది?” ఆయన ఎగతాళి చెయ్యడం లేదు. తెలియకే అడుగుతున్నాడు. నాకు అదే అనుమానంగా ఉంది.

వేదిక మీద నుంచి అంకమరావు కేకేస్తాడు. “కొట్టు బాబాయ్! మనసులో బూతులు తిట్టుకో, ఎవరొద్దన్నారు? చేతులు కొడితే చాలు.”

కప్పు ఇంకో మూర కాలుతుంది. కొడితే, ఆ రోజు బండి నిండుగా వచ్చినట్టే. కొట్టకపోతే, పైన ఉన్నది నాంచారమ్మ అయితే, నా కళ్ళ ముందే రెండోసారి కాలుతుంది. కొట్టాక, పైన ఉన్నది ఇంకో హోంగార్డని తేలితే, అరువు చీరను చూసి వీళ్ళను క్షమించిన వెధవను నేను. ఇదంతా తెలిసే నన్ను పిలిచారు.

తల ఎత్తి అరుస్తాను. “నాంచారమ్మా! ఆ రోజు మిషను కోసం ఎందుకు పోయావు?”

“గుడ్డ సగంలో ఉందయ్యా! వారోత్సవాల జెండాలు. సాయంత్రానికి కావాలన్నారు!”

ఈ సంగతి నాకు తెలియదు. అంకమరావు వంక చూస్తాను. అతను మళ్ళీ బూట్లు చూసుకుంటున్నాడు. అతనికి తెలుసు. అతనికి తెలిసింది, పైన ఎవరిని కూర్చోబెట్టినా నేర్పొచ్చు. కాబట్టి ఇది రుజువు కాదు.

“ఏమయ్యా!” పైనుంచి మళ్ళీ కేక. మిషను ఆగలేదు. “నీళ్ళు తెచ్చావా?”

ఇన్నాళ్ళలో నీళ్ళ మాట ఎత్తిన మనిషి ఇంకొకరు లేరు.

కిటికీకి ఆనించిన నిచ్చెన దగ్గరికి వెళ్ళి ఎక్కడం మొదలుపెడతాను.

“బసవయ్యగారూ, చేతులు!” అంటాడు ఆఫీసరు.

ఒక చెయ్యి నిచ్చెన మీద ఉంది. ఒక చెయ్యి బిందె మీద ఉంది. ఖాళీ లేవు.

నేను ఎక్కిన ప్రతి మెట్టూ కింద ఊడి, నన్ను దాటుకుని పైకి పోయి, నా ముందు బిగుసుకుంటోంది. అయినా కిటికీ దగ్గరవుతోంది. కింద అంకమరావు ఆగలేక పైపు తిప్పేస్తాడు. పైపులోంచి చప్పట్లు వస్తాయి. తడి లేని చప్పట్లు. మంట వాటికి వంగి నమస్కారం పెట్టి, ఇంకా ఎత్తుకు లేస్తుంది.

కిటికీ అందుకుంటాను.

“ఇంతసేపా?” అంటుంది తల ఎత్తకుండా.

“నిండుగా వచ్చాను.”

బిందె వంచుతాను. నీళ్ళు కింద పడవు. తెల్లటి పంచెలా మిషను మీద పరుచుకుంటాయి. ఆమె అంచు మడిచి, సూది కింద పెట్టి, నీళ్ళను మంటకు కుట్టడం మొదలుపెడుతుంది. కుట్టు పడ్డచోట మంట చల్లారి ఎర్ర గుడ్డ అవుతోంది. నేను దాన్ని లాగి పట్టుకుంటాను, ముడతలు రాకుండా. కిందికి మాత్రం జారనివ్వను.

సగంలో దారం అయిపోతుంది.

“దారం,” అని చెయ్యి చాపుతుంది.

నా దగ్గర లేదు. ఆమె నా చెయ్యి తిప్పి, అరచేతిలో ఒక గీతను గోటితో లేపి, లాగి సూదికి ఎక్కిస్తుంది. నొప్పి లేదు. గీత పొడుగ్గా వస్తోంది. అది అయ్యాక ఇంకో గీత. తర్వాత రెండో చెయ్యి అడుగుతుంది. కింద మైకులో నా పేరు పిలుస్తూనే ఉన్నారు. ఇక నేను కొట్టినా చప్పుడు రాదు. అరచేతులు గాజులా నున్నబడ్డాయి.

కుట్టు చివరికొచ్చింది. ఆమె నోటి వంకే చూస్తున్నాను.

“ఏం చూస్తున్నావు?”

“కుట్టు చూస్తున్నా.”

“నీ అనుమానం తగలెయ్య,” అని వంగి, నా ఆఖరి గీతను పళ్ళ మధ్యకు తీసుకుంటుంది. ఎడమ పక్కే. కొరకడానికి నోరు తెరుస్తుంది. ఆ నోట్లో, చాలా లోతున, గంట కొట్టుకుంటూ ఒక ఫైరింజను బయల్దేరుతోంది. అది నిండుగా వస్తోందో లేదో తట్టి చూడటానికి, గీతలు లేని నా చేతిని మోచేతి దాకా లోపలికి పెడతాను.