పంపు మీదికి వెళ్ళిన చెయ్యి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. కింది గదిలో బాయిలరు, పైన ఉతికే యంత్రాలు, ఇస్త్రీ బల్లలు. పాతికేళ్ళుగా ఆ బాయిలరు నడుపుతున్న ఆయన్ని అందరూ ‘ఆవిరి మాస్టారు’ అనేవారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం. తన ఎదుట ఇంకెవరైనా బాయిలరు గురించి నోరు విప్పితే ఒళ్ళు మండేది.

ఆ ఉదయం పదిన్నరకు రెండో ఆపరేటరు దగ్గరికొచ్చింది. రెండు నెలల కిందట బదిలీ మీద వచ్చిన, నలభై దాటిన మనిషి.

“మాస్టారూ, గాజు గొట్టంలో నీటిమట్టం పొద్దుట్నుంచీ పిసరంత కూడా కదల్లేదండీ. కింద ఏదో అడ్డుపడినట్టుంది. ఒకసారి కడిగి చూద్దామా?”

“నాకే పాఠాలా? నేను కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను లోపల నీళ్ళెంతున్నాయో. మీరు పైకెళ్ళి మీ పని చూసుకోండి!”

ఆవిడ మెట్లెక్కింది.

నిజానికి బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపించే ఆ గొట్టాన్ని డ్యూటీ ఎక్కగానే కడగాలి. ఆయన కడగలేదు. పుస్తకంలో టిక్కు మాత్రం పెట్టాడు.

పది నిమిషాలు గడిచాయి. మనసు మనసులో లేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొట్టం కింది కుళాయి తిప్పాడు. ఉన్న నీళ్ళు, అడ్డుపడ్డ మడ్డితో సహా జారిపోయాయి. వెనకే బుస్సుమని ఆవిరి వచ్చింది; కుళాయి కట్టేశాక గొట్టంలోకి చుక్క నీరు తిరిగి రాలేదు. బాయిలరు ఎండిపోతోంది. లోపలెక్కడో ఇనుము ‘టక్... టక్’మంది.

పైన ముప్ఫై మంది దుప్పట్లు మడతపెడుతున్నారు. ఎవరో పకపకా నవ్వుతున్నారు.

చెయ్యి నీళ్ళ పంపు స్విచ్చి మీదికి వెళ్ళింది. ఎవరికైనా తెలిసేలోపు నింపేస్తే సరి!

ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్ళు పడితే బాయిలరు బాంబులా పేలుతుందని ఎంతమందికో తనే నేర్పాడు. అయినా చెయ్యి వెళ్తూనే ఉంది. స్విచ్చికి జానెడు దూరంలో దాన్ని చూసి ఆయన గుండె ఝల్లుమంది.

ఆయన భార్య రోజూ తెల్లవారుజామున కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. “ఏం దొరికిందే లోపల?” అని మొన్నే వెక్కిరించాడు. “భయమేసినప్పుడు, ఎవరికి భయం అని అడుగుతున్నానండీ. అంతే” అంది.

ఎవరికి భయం?

చేతిని స్విచ్చి మీదికి తోసిన భయం ముప్ఫై మంది ఏమైపోతారోనన్నది కాదు. ‘మాస్టారు పొరబడ్డాడు’ అంటారేమోనని. పేరు దక్కించుకోవడానికి ముప్ఫై మందిని కాల్చడానికైనా సిద్ధపడ్డ ఒకటి తనలో ఉంది. దాన్నే ఇన్నాళ్ళూ ‘నేను’ అనుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. బాయిలరు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. కానీ దాన్ని అలా చూస్తున్నవాడికి పోగొట్టుకోవడానికి పేరంటూ ఏమీ లేదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంట ఆపాడు. ప్రమాదం గంట నొక్కి, మెట్ల మీద పడుతూ లేస్తూ పైకి పరుగెత్తాడు.

“బయటికి పదండి! అన్నీ వదిలేయండి! బాయిలర్లో నీళ్ళు లేవు. తప్పు నాదే, పదండి!”

అందరూ ఆవరణ చివరికి చేరారు. రెండో ఆపరేటరు రొప్పుతూ వచ్చింది.

“పంపు వేశారా?”

“వెయ్యలేదమ్మా. వెయ్యబోయాను.”

“మంట?”

“ఆపేశాను.”

“అయితే చల్లారేదాకా ఎవరూ లోపలికెళ్ళొద్దు.”

రెండు గంటలు నిలబడ్డారు. లోపల ఏ చప్పుడైనా అందరూ రెండడుగులు వెనక్కి వేసేవారు. “చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు కదా మాస్టారూ!” అని ఇస్త్రీ చేసే ముసలాయన అంటే నలుగురూ నవ్వారు. మాస్టారికి నవ్వు రాలేదు, పళ్ళు టకటకలాడుతున్నాయి. మేనేజరు రాగానే తనే చెప్పేశాడు: “కడక్కుండానే టిక్కు పెట్టానండీ. ఈవిడ చెప్పింది. నేను వినలేదు.”

మర్నాడు తనిఖీకి వచ్చిన ఇంజనీరు బాయిలరు లోపల వంగిపోయిన ఇనుప గొట్టాలు చూపించి, పంపు వేసుంటే ఈ గోడలు మిగిలేవి కాదన్నాడు. మాస్టారిని ఆరు నెలలపాటు ఆ రెండో ఆపరేటరు చేతికిందే పనికి వేశారు.

ఆ సాయంత్రం భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

“అయితే ఆ ‘నేను’ పోయిందంటారా?”

“ఎక్కడికి పోతుందే! తప్పు ఒప్పుకున్నందుకు మేనేజరు మెచ్చుకుంటాడేమోనని అప్పుడే చెవులు రిక్కించింది. కాకపోతే ఈసారి దాన్ని పట్టేశాను.”

చెప్తూంటే ఆయన గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. దాన్ని దాచుకోవాలని మాత్రం అనిపించలేదు.