కాటా మీద కాలు

మా ఆయన సిరిల్‌ని సైకిలు బట్టల్లో మొదటిసారి చూసినప్పుడు నవ్వకూడదని గట్టిగానే అనుకున్నాను. ఒంటికి అతుక్కుపోయే నల్ల నిక్కరు, పసుపుపచ్చ చొక్కా, నెత్తిన హెల్మెట్టు. చొక్కా బొడ్డుదాకా దిగి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది. మా అమ్మాయి టెస్ మాత్రం నవ్వీ నవ్వీ వంటింట్లో నేల మీద కూలబడింది. మా బడి ముందునుంచి మాత్రం వెళ్లకు నాన్నా అని బతిమాలింది. ఆయన ఆ రోజు బడి ముందునుంచే వెళ్లాడు, గంట కొట్టుకుంటూ.

సరదాకి కొన్న సైకిలు కాదది. నా తమ్ముడు రూడీకి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడు రోజులు నేనే వాడిని కారులో పట్నం తీసుకెళ్లి, డయాలసిస్ చేయించి తీసుకొస్తాను. నా కిడ్నీ ఇద్దామంటే నాకు షుగరు. చుట్టాల్లో ఎవరిదీ కుదరలేదు. అప్పుడు మా ఆయన, పెళ్లయి ఇన్నేళ్లయినా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లి రక్తం పరీక్షకిచ్చి వచ్చాడు. సరిపోయింది. కానీ ఇంత బరువున్న మనిషికి కత్తి పెట్టలేమంది డాక్టరమ్మ. ముప్ఫై పౌన్లు తగ్గి రమ్మంది. నన్ను విడిగా పిలిచి, రూడీ గుండె కూడా అలసిపోతోందనీ, మంచు పడేలోపు ఆపరేషన్ అయిపోతే మంచిదనీ చెప్పింది. అప్పటికి ఏప్రిల్ నెల.

సిరిల్ మా ఊరి దాణా మిల్లులో లారీ నడుపుతాడు. పశువుల దాణా దింపడానికి వచ్చినవాడిని మా వైపు ఏ ఇల్లాలూ ఖాళీ కడుపుతో పంపదు. ఆ పొట్ట అలా పెరిగిందే. మిల్లులో బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది. శుక్రవారం సాయంత్రం పని దిగాక ఆయన దానిమీద నిలబడేవాడు, మిల్లువాళ్లంతా చుట్టూ చేరేవాళ్లు. రూడీ వెనకనుంచి పిల్లిలా వచ్చి బూటు మొన కాటా అంచుమీద పెట్టి నొక్కేవాడు. ముల్లు ఎగిరేది, మా ఆయన మొహం వాడిపోయేది. అందరూ గొల్లుమనేదాకా సంగతి ఆయనకు తెలిసేదే కాదు.

మా పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాడు రూడీ ఈ వేషం. ప్రతిసారీ ఆయన మోసపోతూనే ఉన్నాడు, ప్రతిసారీ వాడిని బస్తాల చుట్టూ తరుముతూనే ఉన్నాడు. ఈ ఏడు మాత్రం రూడీ నాలుగడుగులు వేసి ఆగిపోయేవాడు, ఆయాసంతో. సిరిల్ కూడా తనకే ఆయాసమన్నట్టు మోకాళ్లమీద చేతులు పెట్టుకుని వాడికి కాస్త దూరంలోనే నిలబడిపోయేవాడు. ఒక్కసారి కూడా పట్టుకునేవాడు కాదు.

ఇక సైకిలు సంగతి. చుట్టుపక్కల ఊళ్ల బృందం ఒకటి ప్రతి శనివారం ఊరినుంచి ఊరికి తొక్కుతుంది. మంచిదే. కానీ ఆ ఊళ్లన్నీ మా వాళ్లవే. మా తాతలు బొహీమియా వదిలి ఈ అయోవాలో దిగినప్పుడు చర్చినీ, కొలాచెనీ వెంట తెచ్చుకున్నారు. కొలాచె అంటే అరచేతంత మెత్తటి బన్ను, నడుమ గుంటలో గసగసాల ముద్దో చెర్రీ పాకమో ఉంటుంది. ప్రతి చర్చి హాల్లోనూ ఆడవాళ్లు సైకిలువాళ్ల కోసం పళ్లేలు సర్దుకుని కూర్చుంటారు. వద్దంటే చేసినావిడనీ, ఆమెకు నేర్పిన తల్లినీ కలిపి అవమానించినట్టు. ఒకటి చాలంటే రెండు పెడతారు. కడుపు నిండిందంటే పొట్లం కట్టి, సైకిలు చొక్కాకి నడుము వెనక ఉంటాయే జేబులు, వాటిలో కుక్కుతారు. మా ఆయన పొద్దున్న ఒక బరువుతో వెళ్లి సాయంత్రం ఇంకో బరువుతో వచ్చేవాడు. జూన్‌లో తూచుకుంటే తగ్గకపోగా పెరిగాడు. రూడీ కాలు పెట్టకుండానే.

నేను ఊరుకునే రకం కాదు. ఆ వరసలో ఉన్న ప్రతి చర్చికీ ఫోను చేశాను. సిరిల్‌కి కొలాచె పెట్టారో, వచ్చే క్రిస్మస్‌కి నా చేత్తో ఒక్క బన్ను కూడా మీకు రాదని చెప్పాను. మావాళ్లంతా రూడీ పేరు విని అయ్యో అన్నారు, ఒక్కటీ ముట్టనివ్వమని మాటిచ్చారు. ఇంట్లో నేను కూడా పచ్చి ఆకులూ, ఉడకబెట్టిన చికెనూ తప్ప ఏమీ పెట్టడం లేదు. టెస్ కూడా నాన్నకి తోడుగా అదే తింటోంది, నన్ను తిట్టుకుంటూ. అయినా జులై అంతా ముల్లు కదల్లేదు.

ఆగస్టులో ఒక శనివారం, డయాలసిస్ అయ్యాక రూడీని తీసుకుని వస్తున్నాను. పక్కూరి చర్చి హాలు గోడకి మా ఆయన సైకిలు ఆనించి ఉంది. ఒక్కటే ఉంది, బృందం జాడ లేదు. కారు ఆపి లోపలికి వెళ్లాను. సిరిల్ ఒక్కడే పొడుగాటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బాతు మాంసం, పుల్లటి క్యాబేజీ, గ్రేవీలో మునిగిన దుంప ఉండలు.

వంటింట్లోంచి ముసలి వ్లాస్తా పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా మొహం చూసి తనే మొదలుపెట్టింది.

"నువ్వు కొలాచె పెట్టొద్దన్నావు. ఒట్టు, ఒక్కటి పెట్టలేదు. దుంప ఉండలు వద్దని చెప్పావా నువ్వు?"

"బృందం ఏది పిన్నీ?"

"వాళ్లు పొద్దున్నే వెళ్లిపోయారు. ఇతనొక్కడే వెనక్కి తిరిగొచ్చి, తినడానికేమన్నా ఉందా పిన్నీ అంటాడు. ప్రతి శనివారమూ ఇంతే. ఆకలని వచ్చినవాడిని పొమ్మంటానా జోలీన్?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముందు నిలబడి, నువ్వు తింటున్నది ఉండలు కాదు, నా తమ్ముడి ప్రాణం అన్నాను. అంత మాట అనేశాక కూడా నా కోపం తగ్గలేదు. సిరిల్ ఫోర్కు కింద పెట్టాడు. నా భుజం మీదుగా చూశాడు. రూడీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతికి ఇంకా పట్టీతో.

"తగ్గితే ఆపరేషన్‌కి తారీఖు ఇస్తారు జోలీన్" అన్నాడు సిరిల్.

అంతకుమించి ఆయన చెప్పింది తక్కువే, దాన్ని కూడా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న హెర్నియా ఆపరేషన్‌కని వెళ్లాడు. చిన్న పనే, ఆదివారానికి వచ్చేస్తాను, చేపలు పట్టడానికి వెళదామన్నాడు. మత్తు ఇచ్చారు, మళ్లీ లేవలేదు. గాలాలు గుమ్మం పక్కన అలాగే ఉండిపోయాయట చాలాకాలం. ఇదంతా నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో తెలియదు, గుండెపోటని మాత్రమే తెలుసు. కిడ్నీ ఇస్తానన్నది నిజంగానే అన్నాడు, ఇప్పటికీ ఇవ్వాలనే ఉంది. కానీ నాలుగు పౌన్లు తగ్గగానే ఆ మత్తు ముసుగు మొహంమీదికి వస్తున్నట్టుంటుంది, కాళ్లు వాటంతటవే ఏదో ఒక వంటింటి వైపు తిరుగుతాయి. చెప్పడానికి సిగ్గేసింది. అదీ సంగతి.

రూడీ వచ్చి ఎదురుగా కూర్చుని, పళ్లెం తనవైపు లాక్కున్నాడు. దుంపలు వాడికి నిషేధం. వంగి వాసన మాత్రం చూసి మళ్లీ తోసేశాడు.

"భయమైతే భయమని చెప్పొద్దా బావా? నాకు సూది గుచ్చినప్పుడల్లా గోడవైపు తిరుగుతాను, అక్కనడుగు. నీది వద్దులే. ఆసుపత్రి వరసలో నా పేరుంది, ఎవరిదో ఒకటి వస్తుంది."

"వస్తుందా?" అన్నాడు సిరిల్.

"రావచ్చు. నువ్వు పోతే మా అక్కతో ఎవరు వేగుతారు? నావల్ల కాదు."

ఆ వరస ఎంత పొడుగో ముగ్గురికీ తెలుసు. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. నాకు తమ్ముడు కావాలి. నాకు మొగుడూ కావాలి. ఒకరికోసం ఇంకొకరిని పణంగా పెట్టమని నేనే అడుగుతున్నానని అప్పటిదాకా నాకు తోచలేదు, తోచాక ఎవరిని ఏమనాలో తెలియలేదు. వ్లాస్తా పిన్ని ఏమీ అడక్కుండా నా ముందూ ఒక పళ్లెం పెట్టింది.

మర్నాడు ఆదివారం. ప్రార్థన అయి ఇంటికొచ్చేసరికి సిరిల్ షెడ్డులోంచి జంట సైకిలు బయటికి లాగుతున్నాడు. ముందొకరు వెనకొకరు కూర్చునే సైకిలది. మా పదో పెళ్లిరోజుకి కొన్నాం, రెండుసార్లు ఎక్కాం, రెండుసార్లూ పోట్లాడుకుని నడిచి ఇంటికొచ్చాం. దాన్ని తుడిచి రూడీ ఇంటికి తోసుకెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

"ఎక్కరా" అన్నాడు.

"తొక్కే ఓపిక నాకెక్కడిది బావా?"

"తొక్కమన్నానా? కూర్చోమన్నాను. ఒక్కడినే వెళితే నా కాళ్లు వంటిళ్ల వైపు పోతున్నాయి. కాపలా కూర్చో."

"నువ్వు ఇవ్వక్కర్లేదని చెప్పానుగా."

"ఇస్తానో లేదో తర్వాత చూద్దాం. ముందు ఎక్కు."

అలా మొదలైంది. మిల్లు వదిలాక సాయంత్రాలు, ఆదివారం మధ్యాహ్నాలు, మొక్కజొన్న చేల మధ్య ఆ కంకర రోడ్లమీద ఇద్దరు మనుషుల బరువు ఒక్కడు లాగాడు. రూడీ వెనక కూర్చుని తిరిగే పెడళ్లమీద ఊరికే కాళ్లు ఉంచి, నోరు మాత్రం ఆపకుండా ఆడించేవాడు. గుట్ట ఎక్కుతుంటే ఎద్దుని అదిలించినట్టు అదిలించేవాడు. దిగిపో, నడిచి రా అని సిరిల్ కసిరేవాడు, దిగనిచ్చేవాడు కాదు. వాళ్లు వస్తుంటే వాళ్లకన్నా ముందు వాళ్ల పోట్లాట వినపడేది. చర్చి హాళ్లలో ఆగినప్పుడు రూడీ ముందు సగం చెర్రీ కొలాచె, సిరిల్ ముందు కూజాడు నీళ్లు పెట్టేవాళ్లు. రూడీకి నీళ్లు కొలతే, ఆయనకు తిండి కొలతే. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి పూర్తిగా భోంచేసినట్టు అనేది వ్లాస్తా పిన్ని.

కిడ్నీ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు, అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకి తెలుసు. సెప్టెంబరులో పసుపుపచ్చ చొక్కా బొడ్డు దాటి కిందికి దిగింది. అక్టోబరులో ఒక రోజు పొద్దున కాఫీ తాగుతూ సిరిల్, ఆసుపత్రికి ఫోను చెయ్యి, తూచుకోవడానికి వస్తామని చెప్పు అన్నాడు. నేను వెంటనే ఫోను తీశాను.

కారులో రూడీ వెనక సీట్లోంచి, ఇంకా సమయం ఉంది బావా, వద్దనుకుంటే చెప్పు, నేనేమీ అనుకోను అన్నాడు. వాడి పెదాలు పాలిపోయి ఉన్నాయి ఆ రోజు. సిరిల్ కిటికీలోంచి కోసేసిన చేలని చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో కాటా నేలకి ఆనుకుని ఉంది, అంకెలు గోడమీద ఎర్రగా వెలుగుతాయి. సిరిల్ బూట్లు విప్పి, బెల్టు తీసి రెండూ నా చేతికిచ్చాడు, జేబులో తాళాలు కూడా ఇచ్చాడు. ఎక్కి నిలబడ్డాడు. అంకెలు ఆడి ఆడి ఆగాయి. డాక్టరమ్మ చెప్పిన బరువు కన్నా ఇంకా ఎక్కువే ఉంది.

నర్సు పెదవి విరిచింది. చాలా తగ్గారు, కానీ ఇంకొంచెం కావాలి, డిసెంబరు తర్వాత రండి అంది. తలొంచుకున్నాను. అప్పుడు కనిపించింది, కాటా అంచుమీద రూడీ బూటు. నేను తలెత్తి వాడి మొహం చూశాను. వాడు నవ్వడం లేదు. చెప్పకు అక్కా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నేను చెప్పలేదు. నోరు తెరిస్తే మొగుడిని ఆపరేషన్ బల్ల ఎక్కించినట్టు, మూసుకుంటే తమ్ముడిని వదిలేసినట్టు. ఆయన బూట్లు గుండెకి అదుముకుని అలాగే నిలబడ్డాను. ఎప్పుడూ ఏదీ పసిగట్టని మనిషి, ఆ రోజూ పసిగట్టడని అనుకున్నాను.

సిరిల్ వెనక్కి తిరగలేదు. గోడమీద అంకెల్నే చూస్తూ అన్నాడు.

"కాలు తియ్యరా రూడీ."

"ఏ కాలు బావా?"

"నాకు భయంగానే ఉంది. అయినా తియ్యి."

రూడీ కాలు తీశాడు. అంకెలు డాక్టరమ్మ చెప్పిన బరువుకి దిగి ఆగాయి. నర్సు ముందు మా మొహాలు చూసింది, తర్వాత అంకె చూసింది, ఏమీ అడక్కుండా రాసుకుంది.

సిరిల్ కాటా దిగి, మేజోళ్లతోనే, మిల్లులో తరిమేటప్పుడు ఎత్తినట్టు చెయ్యెత్తాడు. రూడీ వరండాలోకి పరిగెత్తాడు. నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగిపోయాడు. ఈసారి సిరిల్ వాడిని పట్టుకున్నాడు.