పులి సంవత్సరపు పనిమనిషి

నాలుగేళ్లు ఆ ఇంట్లో బట్టలుతికి, అంట్లు తోమి, చేపలు ఆవిరి మీద ఉడికించాక, మెర్లిత పులి అని బయటపడింది. బయటపెట్టింది హాంకాంగ్‌లో బాగా పేరున్న ఒక సిద్ధాంతి. యిప్ మేడమ్ కుటుంబం వచ్చే నెలలో తాయ్ వాయ్‌లోని కొత్త ఫ్లాట్‌కి మారుతోంది. మంచం ఏ దిక్కున వెయ్యాలి, పొయ్యి ఏ గోడకి ఆనించాలి అని మేడమ్ ఫోన్ చేస్తే, ఆయన పన్లో పనిగా ఇంట్లోవాళ్లందరూ పుట్టిన సంవత్సరాలు అడిగాడు. పనిమనిషిది 1986 అనేసరికి ఆగిపోయాడట. చైనావాళ్ల లెక్కలో ఏడాదికో జంతువు, ఆ ఏడాది పులిది. మేడమ్ కొడుకు జాస్పర్ పుట్టిన ఏడాది కోతిది. ఆ రెంటికీ క్షణం పడదు. పిల్లాడికి లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గుతున్నాయో, ముక్కు ఎందుకు కారుతోందో మేడమ్‌కి ఒక్క దెబ్బతో అర్థమైపోయింది. వాడు దుప్పటి కప్పుకుని ఫోన్‌లో ఆటలాడతాడన్న సంగతి సిద్ధాంతికి ఎవరూ చెప్పలేదు.

"నువ్వు మా ఇంటిమనిషివే మెర్లితా," అంది మేడమ్ ఆ సాయంత్రం. ఇంటిమనిషి పడుకునేది వాషింగ్ మెషిన్ పైన బిగించిన బల్ల మీద, అది వేరే సంగతి. "పంపించేస్తానని కాదు. ఆలోచిస్తున్నానంతే. కొత్త ఇంట్లోకి పులి అడుగు పెట్టకూడదంటున్నాడాయన. నువ్వేం మనసులో పెట్టుకోకు."

కాంట్రాక్టులో ఇంకా ఏడాదికి పైగా మిగిలి ఉంది. కానీ నెల ముందు చెప్పి దాన్ని చింపెయ్యడానికి మేడమ్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చింపిన మరుక్షణం మెర్లిత వీసా కూడా చిరుగుతుంది. అలాంటప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి సెలవురోజు ఆదివారం ఆమె బాబెత్ దగ్గరికి వెళ్లింది.

సెంట్రల్ అనే పేటలో పెద్ద బ్యాంకు కింద, అట్టపెట్టెలు విప్పి గోడలు కట్టుకున్న ఫిలిప్పీన్స్ ఆడవాళ్ల మధ్య బాబెత్ కొలువుదీరి ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో పనిచేస్తోంది. లా చదవలేదు కానీ, లా తననే వెతుక్కుంటూ చాలాసార్లు వచ్చింది.

"కాంట్రాక్టు పూర్తయితే ఇక్కడే ఉండి ఇంకో ఇల్లు చూసుకోవచ్చే," అంది పాన్సిత్ నూడుల్స్ డబ్బా మూత తీస్తూ. "మధ్యలో తీసేస్తే మాత్రం రెండు వారాల్లో విమానం ఎక్కాలి. ఊరెళ్లి మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి."

"మినహాయింపులేం లేవా అక్కా?"

"ఎందుకు లేవూ? సర్కారుకి మాత్రం గుండె ఉండదా? యజమాని చచ్చిపోయినా, దివాలా తీసినా, దేశం వదిలి వెళ్లిపోయినా నిన్ను ఉండనిస్తారు. మీ సార్ ఆరోగ్యం ఎలా ఉంది?"

"రోజూ పొద్దున్నే కొండెక్కి పరిగెత్తి వస్తాడు."

"అయ్యో పాపం. పోనీ డబ్బు ఇబ్బందులు?"

"ఈమధ్యే పెద్ద ఉద్యోగం ఇచ్చారు."

"లండన్ పోదామని ఎప్పుడూ అనుకోరా?"

"చలి పడదంటాడు."

"నీ అంత దురదృష్టవంతురాల్ని చూళ్లేదమ్మా! సరే, మేడమ్ కొడుతుందా? కొడితే కూడా ఉండనిస్తారు, రుజువుండాలి."

"కొట్టదు. ఫ్రిజ్‌లో ద్రాక్షపళ్లు లెక్కపెడుతుంది."

"దానికి మినహాయింపు లేదు," అని బాబెత్ కేసు కొట్టేసింది.

చావుకీ, దివాలాకీ, వలసకీ తలో గడి పెట్టిన సర్కారు, పులికి మాత్రం పెట్టడం మరిచిపోయింది. అందరితో పాటు మెర్లిత కూడా నవ్వింది గానీ, లోపల లెక్కలు వేసుకుంటోంది. జనవరి వస్తే నలభై నిండుతాయి. నలభై దాటి ఊరికి చేరినవాళ్ల ఫొటోని ఏజెన్సీవాళ్లు ఆల్బమ్‌లో ఆఖరి పేజీకి తోసేస్తారు. ఫిలిప్పీన్స్‌లో, సొంతూరు ఇలోయిలోలో కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. తను వెనక్కి వెళ్తే ఆ పిల్ల కూడా ఇంటికొచ్చి కూర్చోవాలి.

ఆ ఇంట్లో ఇంకొకావిడ ఉంది, సార్ తల్లి. మెర్లిత ఆమెని పోపో అంటుంది, అవ్వ అని. ఎనభై దాటిన మనిషి. కాళ్లు సరిగ్గా నడవవు గానీ నోరు మాత్రం రెండు కాళ్ల పని కూడా తనే చేస్తుంది. మర్నాడు మార్కెట్ నుంచి వస్తూ పార్కులో బెంచీ మీద కూర్చోబెడితే, పోపో మొదలుపెట్టింది.

"ఏమే, నిన్న రాత్రి చేప అంత ఉప్పగా ఉందేం? అందులోకి ఏడ్చావా?"

మెర్లిత మార్కెట్లో బేరాలాడి నేర్చుకున్న కాంటనీస్ భాషలో మొత్తం చెప్పుకుంది.

"పులా? నువ్వా? బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కుతావు," అంది పోపో. "ఏ నెల్లో పుట్టావే?"

"జనవరి. పదిహేడు."

పోపో బొటనవేలితో వేళ్ల కణుపులు తడుముకుంది. "పులీ లేదు, పిల్లీ లేదు. మా చైనావాళ్ల కొత్త సంవత్సరం ఆ ఏడు ఫిబ్రవరిలో కదే వచ్చింది! అప్పటిదాకా నడిచింది ఎద్దు సంవత్సరం. నువ్వు ఎద్దువి. నీ చాకిరీ చూస్తేనే తెలియట్లా?"

"మరి ఆయనకి తెలియదా?"

"ఆయనకి ఏడాది ఒక్కటే చెప్పుంటుంది. మా కోడలు కెనడాలో చదివొచ్చింది. కొత్త సంవత్సరం అంటే రాత్రి పన్నెండింటికి అరుచుకునే పండగనుకుంటుంది."

మెర్లిత ఆమె చేతులు పట్టుకుని ఊపేసింది. పోపో చేతులు విడిపించుకోలేదు, నవ్వనూ లేదు. చదరంగం ఆడుకుంటున్న ముసలాళ్లని కాసేపు చూస్తూ కూర్చుంది.

"జనవరేనా? గట్టిగా తెలుసా?" అంది మళ్లీ.

"మా అమ్మ చెప్పింది పోపో. పాస్‌పోర్టులో కూడా అదే."

"సరే. భోజనాల దగ్గర నేను చెప్తాలే. నువ్వు నోరు విప్పకు."

చెప్పినట్టే చెప్పింది. మేడమ్ కాస్త కందిపోయి, అన్నం తింటూనే సిద్ధాంతికి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టింది. ఆయనేం తొణకలేదు. ఆ వృత్తిలో తొణికేవాళ్లు అంత ఫీజు తీసుకోలేరు.

"తేదీ ఇవ్వకపోతే నేనేం చెయ్యనమ్మా? ఎద్దయితే బాబుకి ఏ దోషమూ లేదు. నిక్షేపంగా ఉంచుకోండి. కాకపోతే..."

"కాకపోతే?"

"మీ అత్తగారిది మేక సంవత్సరం అన్నారు కదూ? ఎద్దుకీ మేకకీ అసలు పొసగదు. కొత్త ఇంట్లో ఇద్దర్నీ ఒకే కప్పు కింద ఉంచకండి."

ఫోన్ పెట్టేశాక మేడమ్ మొహంలోకి ఎన్నో ఏళ్లుగా రాని కళ వచ్చింది.

"మెర్లితని తీసెయ్యడమే మంచిదేమో," అని గొణిగాడు సార్.

"తీసెయ్యడమా? ఏం మాటలవి?" అని లేచింది మేడమ్. "కాంట్రాక్టు ఉంది. చట్టం ఉంది. రెండు వారాల్లో దేశం వదిలి పోవాలి, పాపం! కూతురు చదువుకుంటోంది. మనం మనుషులమా, రాళ్లమా?"

"మరి అమ్మ?"

"అత్తయ్యకి వీసా అక్కర్లేదు కదండీ. తుయెన్ మున్‌లో మీ తమ్ముడున్నాడు."

సూప్ గరిటె పట్టుకుని మెర్లిత అక్కడే నిలబడి ఉంది. వారం రోజులుగా ఏ దయ కోసం ప్రార్థనలు చేసిందో ఆ దయ ఇప్పుడు బల్ల మీద పొగలు కక్కుతోంది. థాంక్యూ మేడమ్ అనాలి. అనకుండా పోపో గిన్నె నింపింది. సార్ తన తల్లి వైపు చూడకుండా గిన్నెలోకి చూసి, సూప్ చల్లారిపోతోందన్నాడు.

ఇల్లు మారే ముందురోజు పోపో పెట్టె సర్దుతూ మెర్లిత అడిగేసింది. "మీకు ముందే తెలుసా పోపో?"

"ఎనభై ఏళ్ల పైనుంచీ మేకని. నాకెవరితో పడదో నాకు తెలియదా?"

"మరెందుకు చెప్పారు?"

"నీ కోసమనుకున్నావా? మొహం చూడు! మా కోడలు ఆడే నాటకాలు చూడలేక చస్తున్నాను. అక్కడైతే టీవీ నా ఒక్కదానికే."

నమ్మితే తనకి సుఖం కాబట్టి మెర్లిత నమ్మింది.

ఇల్లు మారాక ఒక ఆదివారం పోపోని చూడ్డానికి వెళ్తానంటే బాబెత్ వేలు ఊపుతూ హెచ్చరించింది. "వెళ్లు. కూర్చో. పెట్టింది తిను. పనిలో చెయ్యి మాత్రం పెట్టకు. కాంట్రాక్టులో రాసిన ఇంట్లో తప్ప ఇంకెక్కడ చీపురు ముట్టుకున్నా నేరం. దొరికిపోయావంటే జైలు, ఆ తర్వాత విమానం. మళ్లీ ఈ ఊరి మొహం చూడవు."

తుయెన్ మున్‌లో రెండో కొడుకూ కోడలూ ఆదివారం కూడా పనికి పోతారు. వాళ్లకి పనిమనిషిని పెట్టుకునే స్తోమత లేదు. తలుపు తియ్యడానికి పోపోకి చాలాసేపు పట్టింది. జుట్టు అట్టలు కట్టి ఉంది. స్నానాల తొట్టి అంచు దాటి ఒంటరిగా లోపలికి దిగలేదు కాబట్టి, ఇక్కడికొచ్చాక ఒక్కసారీ స్నానం చెయ్యలేదని దగ్గరికెళ్తేనే తెలిసిపోతోంది. టీవీ మాత్రం నిజంగానే ఆమె ఒక్కదానిదే.

"కూర్చో. ఏదీ ముట్టుకోకు. మావాడు నాకూ చెప్పాడులే చట్టం," అంది పోపో.

మెర్లిత కమలాపళ్ల సంచీ ఒళ్లో పెట్టుకుని చుట్టంలా కూర్చుంది. పోపో తల గోక్కుంది. కాసేపాగి మళ్లీ గోక్కుంది. మెర్లిత లేచి చొక్కా చేతులు మడిచింది.

"ఏమే, నీకేమన్నా పిచ్చా? ఆ గొడవంతా పడి నిన్ను ఈ ఊళ్లో ఉంచింది ఇందుకా?"

"ఎవరి గొడవ? టీవీ కోసమన్నారుగా?"

పోపో టీవీ కట్టేసింది.

"పక్కింటిది చూస్తే?" అంది చివరికి.

"మీ కూతుర్నని చెప్పండి."

"నీ ఈ ముక్కుతోనా?" అంది పోపో, లేపమని చెయ్యి చాస్తూ.

మెర్లిత ఆమెని మెల్లగా నడిపించుకెళ్లి, బాత్రూమ్ గడియ పెట్టి, నేరం మొదలుపెట్టింది.