అత్తగారికి చెప్పిన సినిమా

మా అత్తగారికి చూపు పోయి, మంచం పట్టినప్పటి నుంచి మా ఇంట్లో సినిమాలు చూసేది నేను, వినేది ఆవిడ. సినిమా హాలు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మంచం పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాలి. విలన్ చావు మాత్రం రెండుసార్లు చెప్పించుకుంటుంది.

ఆవేళ చూసి వచ్చింది మా అబ్బాయి తీసిన మొదటి సినిమా. సగం ఆట కాకముందే సగం హాలు ఖాళీ అయింది.  ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర వాడు నన్ను ఆపాడు.

"అమ్మా, నాన్నమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు. సొంత కథ కలపకు."

"ఆవిడకి విసుగొస్తేరా?"

"రానీ. ఆవిడైతే మంచం మీంచి లేచి వెళ్ళిపోలేదుగా," అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడ్డాడు.

నేను లోపలికెళ్ళి కూర్చున్నాను. మనసు ఊరుకోలేదు. వాడి పరువు నిలిస్తే చాలనిపించింది.

"ఒక ఇల్లాలు, అత్తయ్యా. మొగుడు ఓడ మీద వెళ్ళి తుఫానులో తప్పిపోయాడు..."

"మళ్ళీ తప్పిపోయాడూ? పోయిన నెల సినిమాలోనేగా దొరికాడు!" అంది అత్తగారు. "నా మనవడు తీసింది చెప్పవే. నువ్వు వండింది తర్వాత తింటాను."

సిగ్గేసింది.

"కథేం లేదు, అత్తయ్యా. ఒకావిడ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఉంటుంది. కెమెరా కదలదు. ఎవరూ రారు."

"తర్వాత?"

"ఒలుస్తూనే ఉంటుంది. గింజలు గిన్నెలో పడే చప్పుడు. గోడ మీద ఎండ కొంచెం జరుగుతుంది. 'బఠాణీలకి పెళ్ళెప్పుడమ్మా' అని వెనక నుంచి ఎవడో అరిచాడు."

అత్తగారు పకపకా నవ్వింది. "గుమ్మంలో మీ మాటలు విన్నాలే. దానికే లేచి వెళ్ళిపోయారా జనం?"

"కాదు. ఆవిడ తలెత్తి తిన్నగా మా వైపు చూసింది. చూపు తిప్పదు. ఇన్నాళ్ళూ ఎందరెందరి ఏడుపులనో చీకట్లో కూర్చుని హాయిగా చూశాం. మమ్మల్ని ఎవరూ అలా చూడలేదు. అప్పుడు లేచారు."

"నువ్వో?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. గుమ్మంలో మా వాడి నీడ కదల్లేదు.

"లేద్దామనే అనుకున్నాను. కన్నకొడుకు సినిమా కదా అని ఆగాను. ఆగాక, నేను రోజూ అలాగే కూర్చుంటాను కదా, నన్నెవరైనా అంతసేపు చూశారా అనిపించింది."

 నాకు ఏవేవో సందేహాలు. మనం గడిపే రోజుల్లో కథ ఎంత, బఠాణీలు ఎంత? దేవుడు ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా అంతా చూస్తాడంటారు. ఆయనకి విసుగు రాదా? రాదు కాబట్టే దేవుడేమో.

"గిన్నె ఇత్తడిదా?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

"స్టీలుది, అత్తయ్యా."

"ఊ."

"చివరికేమైందో చెప్పనా?"

"ఉండవే, తొందరేంటి? కాసేపు మాట్లాడకు. చూస్తున్నాను."

చూపు లేని ఆ కళ్ళు గోడ వైపు తిరిగి ఉన్నాయి.  గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడైంది. మా వాడు మెల్లగా వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.