కడిగిన నెయ్యి

ఆదివారం చర్చి నుంచి రాగానే మాణిక్యమ్మ తెల్లచీర మార్చుకొని రాగి పళ్లెం ముందు కూర్చుంటుంది. గౌలిపురలో ఆమె ఇంటి వెనక గల్లీలోనే పాల కైలాసం కొట్టం. అక్కడి ఆవునెయ్యిలో వేపాకు, పసుపుకొమ్ము వేసి సన్నటి సెగ మీద కాచి, బట్టలో వడగట్టి, చల్లారాక పళ్లెంలో వేస్తుంది. పైన కాసిని చన్నీళ్లు. అరచేత్తో రుద్దడం, ఆ నీళ్లు ఒంపేయడం, మళ్లీ పోయడం. కడగ్గా కడగ్గా నెయ్యి జిడ్డు పోయి, తెల్లబడి, వెన్నకన్నా మెత్తగా తేలుతుంది. పగిలిన మడమలకూ, పసిపిల్లల ఒరుసుకుపోయిన చర్మానికీ గల్లీ అంతా అదే రాసుకుంటారు.

రుద్దేటప్పుడు ఆమె పెద్దల పేర్లు తలుచుకుంటుంది. "ఎస్తేరమ్మా, బాలమ్మా, గుండమ్మా..." పేరు పలకగానే ఆ చేతులు వస్తాయి. మోచేతి దాకే. పచ్చబొట్టు ఉన్నదొకటి, గాజుల రాపిడికి మణికట్టు నల్లబడ్డదొకటి. పళ్లెం చుట్టూ చేరి, తమ వంతు రుద్ది పోతాయి. కోడలు సుజన నీళ్లందిస్తుంది.

"ఇయ్యాల ఎవలికి అత్తమ్మా?"

"నీకే గదనే. సూడు నీ చేతులు."

సుజన దవాఖానలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఫినాయిలుకూ యాసిడుకూ వేలి గీతలన్నీ అరిగిపోయాయి. హాజరు మిషన్ ఆమె వేలిని పట్టడం మానేసింది. సోమవారం కొత్త మిషన్‌లో అందరి వేళ్లూ ఎక్కిస్తారు. ఎక్కనివాళ్లు ఇక పనికి రావద్దని కాంట్రాక్టరు చెప్పేశాడు. మొగుడు డానియేలు కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఇల్లు ఆ పని మీదే నడుస్తోంది.

"గా మిషన్‌కు గూడ ఒక ప్రార్థన చెయ్యే అమ్మా" అన్నాడతను మంచం మీంచి.

"ముందుగాల నీ కాలు అతకనీ. నోరు మూసుకొని పండు."

సగం కడిగేసరికి కైలాసం భార్య గుమ్మంలోకి పరుగున వచ్చింది. "మాణిక్యక్కా, మా కోడలికి నొప్పులస్తున్నయ్. జల్దీ రా, జర ప్రార్థన చెయ్యి."

మాణిక్యమ్మ లేచింది. మొదలుపెట్టిన పళ్లెం మీద చెయ్యి ఆగకూడదు, అది ఆ ఇంటి పద్ధతి. "నువ్వు రుద్దు బిడ్డా."

"నేనా? నేను బయటి నుంచి వచ్చినదాన్ని అత్తమ్మా. ఆ చేతులు ఎల్లిపోతె?"

అప్పటికే అత్త గల్లీ మలుపు తిరిగింది.

సుజన బెరుకుగా అరచెయ్యి ఆనించింది. పెద్దల చేతులు గాలిలో ఆగిపోయాయి. పేర్లు తలుచుకుంటూ ఎడమకు తిప్పింది. పచ్చబొట్టు చెయ్యి టప్పున ఆమె వేళ్ల మీద కొట్టి, కుడికి తిప్పింది. డానియేలు పకపకా నవ్వాడు. తరువాత ఆ చేతులే సుజన చేతుల్ని నెయ్యిలోకి లాక్కున్నాయి. ఒక్కో పగులునూ వెతికి, ఒక్కో వేలి కొసనూ పట్టి రుద్దాయి. సుజనకు ఏడుపొచ్చింది. ఆమె చేతుల్ని అంత ఓపికగా ఎవరూ పట్టుకోలేదు.

పొద్దు వాలే వేళకు మాణిక్యమ్మ వచ్చింది. "ఆడపిల్ల పుట్టింది, స్తోత్రం" అంటూ పళ్లెంలోకి చూసి మురిసిపోయింది. "మల్లెపువ్వు లెక్క కడిగినవ్ గదే! కొట్టినయా?"

"ఒకటి కొట్టింది."

"మా అత్త ఎస్తేరమ్మ. కొత్తల నన్ను గూడ గట్లనే కొట్టింది. బాలమ్మ ఆమె అత్త. గుండమ్మ ఇంకా ఎనకటి అత్త. మేమందరం బయటి నుంచి వచ్చినోళ్లమే బిడ్డా."

సోమవారం దవాఖానలో హాజరు చూసే వాసవాంబ మేడం టేబుల్ మీద కొత్త మిషన్. సుజన ప్రభువును తలుచుకొని వేలు ఆనించింది. పచ్చలైటు వెలిగింది. మిగతా వేళ్లు కూడా ఒక్కొక్కటే ఎక్కాయి.

"మంచిగ పడ్డయ్" అంది మేడం. "నెక్స్ట్."

తరువాత సుజనతో పాటే ఊడ్చి తుడిచే సావిత్రి. ఎన్నిసార్లు ఒత్తినా ఎర్రలైటే. "నాకు ఇద్దరు పిల్లలు మేడం..." అంటూ ఆమె వేలిని చీరకు తుడుస్తూనే ఉంది.

వెళ్లబోతున్న సుజన ఆగింది. కొంగు ముడిలోంచి చిన్న నెయ్యి డబ్బా తీసి, సావిత్రి చేతిని టేబుల్ మీద పరిచి రుద్దసాగింది. పెదవులు సన్నగా కదిలాయి. "ఎస్తేరమ్మా, బాలమ్మా..."

వాసవాంబ మేడం తన టిఫిన్ డబ్బానూ, నీళ్ల సీసానూ పక్కకు జరిపి, వచ్చిన చేతులకు చోటిచ్చింది.